స్పీకర్లు మార్చే ముందు ఆగండి: కొత్త కార్ స్టీరియోలో గరగరకి కారణం చాలాసార్లు వేరే ఉంటుంది

సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్‌కో ఐ10కో కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకున్నవాళ్లలో చాలామంది రెండో వారానికల్లా ఒకటే ప్రశ్న అడుగుతారు. "బ్రో, వాల్యూమ్ పెంచితే సౌండ్ పగిలిపోతోంది, స్పీకర్లు మార్చేయాలా?" ఫిట్ చేసిన షాప్‌కి వెళ్తే అక్కడ సమాధానం రెడీగా ఉంటుంది. "కంపెనీ స్పీకర్లు ఈ స్టీరియో పవర్‌ని తట్టుకోవు భయ్యా, కొత్త జత వేసుకో." నాలుగైదు వేలు అక్కడికక్కడే పోతాయి. కొన్నిసార్లు గరగర తగ్గుతుంది, చాలాసార్లు తగ్గదు. అప్పుడు తర్వాతి సలహా యాంప్లిఫయర్. ఆ తర్వాత సబ్ వూఫర్.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఈ గొలుసు మొత్తం తప్పుడు చోట మొదలవుతోంది. కొత్త స్టీరియో పెట్టాకే సౌండ్ పగలడం మొదలైతే, నిన్నటిదాకా బాగా పాడిన స్పీకర్‌ని ముందు అనుమానించడంలో లాజిక్ లేదు. మారింది స్టీరియో, వైరింగ్, సెట్టింగ్స్. వెతకాల్సింది కూడా అక్కడే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల టెస్టింగ్ కోర్సు చేసిన ఎవర్ని అడిగినా ఈ మాట చెప్తారు: బిల్డ్ మారాక బగ్ వస్తే, ముందు కొత్తగా మార్చిన కోడ్ చూడాలి. అక్కడ్నుంచి కిలోమీటరున్నర దూరంలో ఉన్న పంజాగుట్ట కార్ యాక్సెసరీస్ షాపుల్లో మాత్రం ఈ సూత్రం ఎందుకో పనిచేయదు.

అసలు "50 వాట్స్ × 4" ఎక్కడ్నుంచి వచ్చింది?

బాక్స్ మీద పెద్ద అక్షరాలతో 4×50 అనో 4×60 అనో ఉంటుంది. స్పీకర్ తట్టుకోలేదన్న వాదన మొత్తం ఈ నంబర్ మీదే నిలబడి ఉంది కాబట్టి దీని సంగతి తేల్చుకుందాం. లెక్క కష్టమైనదేం కాదు.

ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు కార్‌లో వోల్టేజ్ సుమారు 14.4. మామూలు కార్ స్పీకర్ 4 ఓమ్స్. వోల్టేజ్‌ని దానితోనే గుణించి ఓమ్స్‌తో భాగిస్తే వాట్స్ వస్తాయి. 14.4 × 14.4 ÷ 4 అంటే 51.8. ఇదీ బాక్స్ మీది 50 కథ. కానీ ఈ 51.8 వాట్స్ రావాలంటే యాంప్ అటు చివర్నుంచి ఇటు చివరికి స్విచ్‌లా కొట్టుకోవాలి. అంటే వేవ్ గుండ్రంగా ఉండదు, పెట్టెలా చదునుగా ఉంటుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం. మన చెవికి అది "పగిలిన" సౌండ్. క్లీన్‌గా, గుండ్రటి వేవ్‌తో వచ్చేది థియరీలోనే ఇందులో సగం, 26 వాట్స్ లోపు. చిప్ లోపలి నష్టాలు తీసేస్తే చేతికి మిగిలేది 20 చుట్టుపక్కల.

అంటే బాక్స్ మీది నంబర్ ఫుల్‌గా పగిలిన సౌండ్‌ని కొలిచిన నంబర్ అన్నమాట. కంపెనీలు ఈ సంగతి దాచవు కూడా, మాన్యువల్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తాయి. పయనీర్ చాలా మోడళ్లకి ఒకే యూనిట్‌కి మూడు నంబర్లు ఇచ్చింది. మ్యాక్సిమమ్ 50 వాట్స్. 5 శాతం డిస్టార్షన్ వరకు ఒప్పుకుంటే 22. 1 శాతం దాటకూడదంటే 14. అమెరికాలో 2003లో సీఈఏ-2006 అనే కొలత ప్రమాణం వచ్చింది, ఇప్పుడు దాన్ని సీటీఏ-2006 అంటున్నారు. 14.4 వోల్ట్స్, 4 ఓమ్స్, 1 శాతం లోపు డిస్టార్షన్, ఈ షరతుల మీద కొలిస్తేనే ఆ నంబర్ వేసుకోవాలి. ఆ చివరి 14 అలా వచ్చిందే. మన దగ్గర బాక్స్ మీద అది కనిపించదు, 50 మాత్రమే కనిపిస్తుంది.

ఇంకో చిన్న చెక్ ఉంది, దీనికి మాన్యువల్ కూడా అక్కర్లేదు. స్టీరియో వెనక ఫ్యూజ్ చూడండి. చాలా యూనిట్లకి 10 లేదా 15 ఆంపియర్లు ఉంటుంది. 10 ఆంపియర్లను 14.4తో గుణిస్తే 144 వాట్స్. లోపలికి వెళ్లేదే 144 అయితే, అందులో కొంత వేడిగా, కొంత స్క్రీన్‌కి, ప్రాసెసర్‌కి పోతే, బయటికి నిలకడగా 4×60, అంటే 240 వాట్స్ ఎలా వస్తుంది? రాదు. అంతే.

ఇప్పుడు షాప్‌వాళ్ల మాటకి తిరిగి రండి. కంపెనీ స్పీకర్లు పెద్ద గొప్పవేం కావు, పల్చటి పేపర్ కోన్లు, చిన్న మాగ్నెట్లు, ఒప్పుకుంటా. కానీ ఛానెల్‌కి క్లీన్‌గా 15, 20 వాట్స్ ఇచ్చే స్టీరియోని తట్టుకోలేనంత బలహీనమైనవి కావు. చాలా కేసుల్లో పవర్ ఎక్కువై స్పీకర్ పగలట్లేదు. పవర్ చాలక స్టీరియో క్లిప్ అవుతోంది, ఆ క్లిప్ అయిన సిగ్నల్‌ని స్పీకర్ నిజాయితీగా వినిపిస్తోంది. ఇక్కడ ఖరీదైన స్పీకర్ వేస్తే అదే పగిలిన సౌండ్ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది!

ఇదేమీ పట్టించుకోకుండా వాడుతూ పోతే నిజంగానే స్పీకర్ పోతుంది, అది వేరే విషయం. చదునైన వేవ్ అదే ఎత్తున్న గుండ్రటి వేవ్ కంటే రెట్టింపు పవర్ మోస్తుంది. వాయిస్ కాయిల్ వేడెక్కుతుంది, ముందు ట్వీటర్లు చచ్చిపోతాయి. అప్పుడు షాప్‌వాళ్లు "నేను చెప్పలే?" అంటారు.

బేస్ +10 పెట్టి ఇచ్చే అలవాటు

పంజాగుట్టలో ఫిట్టింగ్ ఎలా జరుగుతుందో చూసే ఉంటారు. చాలా షాపులకి విడిగా బే ఉండదు. కార్ షాప్ ముందు రోడ్డు పక్కనే ఆగుతుంది, ఒక కుర్రాడు డ్యాష్‌బోర్డ్ విప్పుతాడు, ముప్పావుగంటలో పని ఐపోతుంది. పక్కన బస్సులు, హారన్లు, పైన మెట్రో. ఆ గోలలో టెస్ట్ చేయాలంటే వాల్యూమ్ 30 దాటాలి, బేస్ గుద్దాలి. అందుకే ఈక్వలైజర్‌లో బేస్ పైకి లాగేస్తారు, లౌడ్‌నెస్ ఆన్ చేస్తారు, ఓ డీజే పాట పెడతారు. సీట్ అదురుతుంది, మీరు నవ్వుతారు, డబ్బులిస్తారు. ఆ సెట్టింగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. నాలుగు రోజుల తర్వాత రాత్రిపూట ఓఆర్ఆర్ మీద ఖాళీ రోడ్డులో వింటే గాని ఆ గరగర బయటపడదు.

ఈక్వలైజర్‌లో +3 డెసిబెల్స్ అంటే రెట్టింపు పవర్. +6 అంటే నాలుగు రెట్లు. +10 అంటే పది రెట్లు. మామూలుగా బేస్‌కి 3 వాట్స్ సరిపోయే వాల్యూమ్‌లో +10 పెడితే 30 అడుగుతుంది. మన దగ్గర క్లీన్‌గా ఉన్నదే 20. మిగతాది ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

కాబట్టి గరగర వచ్చిన ప్రతి కార్‌లో మొదటి పని పైసా ఖర్చు లేనిది. ఈక్వలైజర్ మొత్తం ఫ్లాట్, లౌడ్‌నెస్ ఆఫ్, బేస్ బూస్ట్ ఆఫ్. స్టీరియోలో హై పాస్ ఫిల్టర్ ఉంటే డోర్ స్పీకర్లకి 80 లేదా 100 హెర్ట్జ్ పెట్టండి. ఆరు అంగుళాల డోర్ స్పీకర్ ఎలాగూ సరిగ్గా పాడలేని లోతైన బేస్‌ని దాని దగ్గరికి వెళ్లనివ్వకుండా ఇది ఆపుతుంది. మొదట విన్నప్పుడు "బేస్ పోయింది" అనిపిస్తుంది. రెండు రోజులు ఓపిక పట్టండి, గొంతు ఎంత స్పష్టంగా వస్తోందో అప్పుడు తెలుస్తుంది.

సోర్స్ కూడా మార్చి చూడాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఎంపీ3 ఫైల్ ముందే పగిలి ఉండొచ్చు, దానికి స్టీరియోని తిట్టి లాభం లేదు. అదే పాటని మంచి క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒకసారి, బ్లూటూత్‌లో ఒకసారి, తర్వాత ఎఫ్ఎం. పెన్‌డ్రైవ్‌లో బాగుండి బ్లూటూత్‌లోనే పగిలితే ఫోన్‌లోని ఈక్వలైజర్ చూడండి. చాలామంది ఫోన్‌లో డాల్బీ ఎఫెక్ట్ ఒకటి, మ్యూజిక్ యాప్‌లో బేస్ బూస్టర్ ఒకటి, స్టీరియోలో ఇంకొకటి, ఇలా మూడు పొరలు వేసేసి మర్చిపోతారు.

తక్కువ వాల్యూమ్‌లోనే వస్తే అది వేరే జబ్బు

పైన చెప్పిందంతా వాల్యూమ్ పెంచినప్పుడు మాత్రమే వచ్చే గరగర గురించి. వాల్యూమ్ 8, 10లోనే వస్తుంటే క్లిప్పింగ్ కాదు. వైరింగ్ లేదా మెకానికల్ సమస్య. ఇక్కడే షాపుల పనితనం మీద నాకు అసలు కోపం.

మా ఫ్రెండ్ తమ్ముడిది సెకండ్ హ్యాండ్ వ్యాగన్ ఆర్. ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్నాడు, మొదటి నెలల జీతం దాచి 9 అంగుళాల స్క్రీన్ పెట్టించాడు. షాప్ పేరు ఎందుకులెండి. మూడు రోజులకే పాట ఆగి ఆగి, మధ్యమధ్యలో బర్రుమంటూ రావడం మొదలైంది. షాప్‌కి వెళ్తే "లెఫ్ట్ స్పీకర్ వీక్ అన్నా, జత మార్చాలి" అన్నారు. వాడు నాకు ఫోన్ చేశాడు. బ్యాలెన్స్, ఫేడర్ తిప్పి ఒక్కో మూలకి సౌండ్ పంపితే ముందు ఎడమ వైపే తేడా. స్పీకర్ ప్లగ్ తీసి మల్టీమీటర్ పెడితే 3.6 ఓమ్స్, అంటే కాయిల్ బాగానే ఉంది (4 ఓమ్స్ స్పీకర్ మీటర్‌లో కొంచెం తక్కువే చూపిస్తుంది, కంగారు పడకండి). కోన్‌ని వేళ్లతో సమానంగా నొక్కితే గీరుకుపోవడం లేదు. అప్పుడు స్టీరియో బయటికి లాగి చూశాం. కంపెనీ కప్లర్ కోసేసి, వైర్లు చేత్తో మెలిపెట్టి, ఇన్సులేషన్ టేప్ చుట్టారు. ఎండలో పార్క్ చేసిన కార్ డ్యాష్‌బోర్డ్ వెనక ఆ టేప్ జిగురు కారి ఊడొచ్చింది. తెల్ల వైర్ పోగు ఒకటి బ్రాకెట్‌కి తగులుతోంది. కార్ గుంతలో పడ్డప్పుడల్లా గరగర. హీట్ ష్రింక్ ముక్క వేశాం, పోయింది.

ఒక్క పోగు తగిలితే అంత గొడవ ఎందుకంటే, నేటి స్టీరియోల్లో స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లూ లైవే. నెగెటివ్ అంటే గ్రౌండ్ కాదు. రెండిట్లోనూ సప్లైలో సగం వోల్టేజ్ ఉంటుంది, వాటి మధ్య తేడానే స్పీకర్ పాడుతుంది. అందులో ఏది బాడీకి తగిలినా చిప్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి మ్యూట్ అవుతుంది, మళ్లీ వస్తుంది. ఇంటి దగ్గరే చెక్ చేయొచ్చు. స్టీరియో హార్నెస్ పీకేసి, ఒక్కో స్పీకర్ వైర్‌కీ కార్ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. కనెక్షన్ చూపించకూడదు. చూపిస్తే దొంగ దొరికినట్టే. మీటర్ లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో మామూలుది తీసుకోండి, ఈ పనికి చాలు.

వైర్ల రంగులు కూడా గుర్తుపెట్టుకోవాలి. ముందు ఎడమ తెలుపు, ముందు కుడి గ్రే, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. నల్ల చార ఉన్నది నెగెటివ్. కంపెనీ కప్లర్‌కి సరిపోయే హార్నెస్ వాడితే ఇవి తారుమారయ్యే అవకాశం చాలా తక్కువ. కోసి మెలిపెట్టినప్పుడే ఒక స్పీకర్ ఉల్టా పడుతుంది. అప్పుడు గరగర రాదు గానీ బేస్ మాయమవుతుంది. ఒక కోన్ ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. బేస్ లేదని మనం +10 పెడతాం, అప్పుడు గరగర వస్తుంది. చూశారా, ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో! బ్యాలెన్స్‌ని పూర్తిగా ఒక వైపుకి జరిపితే బేస్ బాగుండి, మధ్యలోకి తెస్తే పల్చబడితే పోలారిటీ తప్పినట్టే. ఇంకా అనుమానముంటే స్పీకర్ ప్లగ్ తీసి, 1.5 వోల్ట్స్ పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తగిలించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ బయటికి కదలాలి.

ఇంజిన్ ఆఫ్‌లో బాగుండి, ఆన్ చేశాక ఆక్సిలరేటర్‌తో పాటు "ఊయ్" మని పెరిగే సౌండ్ వస్తే అది డిస్టార్షన్ కాదు, ఆల్టర్నేటర్ నాయిస్. గ్రౌండ్ వైర్ పెయింట్ మీద బిగించారేమో చూడండి, గీకి ఇనుము కనిపించాక బిగించాలి. డోర్ ప్యాడ్ విప్పాక ఒక క్లిప్ మిస్సైతే వచ్చే టకటక కూడా డిస్టార్షన్ కాదు. పాట నడుస్తుండగా ప్యాడ్‌ని అరచేత్తో నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.

కొత్త కార్లవాళ్లకి ఒక మాట

మారుతీ, హ్యుందాయ్, రెనో లాంటి కంపెనీల కొన్ని మోడళ్లలో ఆర్కమిస్ ట్యూనింగ్ ఉంటుంది. అంటే ఆ క్యాబిన్‌కీ ఆ చవక స్పీకర్లకీ తగ్గట్టు సౌండ్‌ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేశారు. కంపెనీ స్టీరియో తీసేస్తే ఆ ట్యూనింగ్ కూడా దాంతోపాటే పోతుంది. అవే స్పీకర్లు ఒక్కసారిగా గరుకుగా అనిపిస్తాయి. బోస్ లాంటి ఫ్యాక్టరీ యాంప్ ఉన్న కార్లలో ఇంకా కష్టం. స్టీరియో స్పీకర్ అవుట్‌పుట్‌ని నేరుగా ఆ యాంప్ ఇన్‌పుట్‌లోకి తోస్తే మొదటి నిమిషం నుంచే పగులుతుంది. ఆ మోడల్ కోసమే చేసిన అడాప్టర్ లేకపోతే ముట్టుకోకండి. పెద్ద స్క్రీన్ కోసం మాత్రమే అయితే వారంటీలో ఉన్న కార్‌కి ఇదంతా అవసరమా అని నా అనుమానం. వైరింగ్ కోశాక ఎలక్ట్రికల్ క్లెయిమ్‌కి వెళ్తే సర్వీస్ సెంటర్‌లో వాదించాల్సింది మీరే, షాప్ కుర్రాడు రాడు.

తప్పంతా షాపులదే అని కూడా అనను. వాళ్లు మనం అడిగిందే అమ్ముతున్నారు. ఆండ్రాయిడ్ స్టీరియో రివ్యూ ఏది తీసుకున్నా ర్యామ్ ఎంత, ఆక్టా కోరా కాదా, క్యూఎల్ఈడీయా, వైర్‌లెస్ కార్‌ప్లే వస్తుందా. ఫోన్ రివ్యూలో స్క్రీన్ బదులు డ్యాష్‌బోర్డ్ పెట్టినట్టు ఉంటుంది. 1 శాతం డిస్టార్షన్ దగ్గర ఎన్ని వాట్స్, ప్రీ అవుట్ 2 వోల్ట్సా 4 వోల్ట్సా, లోపల ఏ యాంప్ చిప్ ఉంది, హై పాస్ ఫిల్టర్ ఉందా, ఇవి చెప్పే వీడియో వెతికినా దొరకడం కష్టం. 8 జీబీ ర్యామ్ స్టీరియోలో పాట మంచిగా పాడుతుందని ఎవరన్నారు?

అందుకే నా డిమాండ్ చిన్నది. ఫిట్టింగ్‌కి ముందే అడగండి: "అన్నా, వైర్ కట్ చేయకుండా కప్లర్‌తోనే వేస్తావా?" కప్లర్ లేదంటే తెప్పించమనండి, ఆ రోజుకి వెనక్కి వచ్చేయండి. పని అయ్యాక ఈక్వలైజర్ ఫ్లాట్‌లో పెట్టించి, మీకు బాగా తెలిసిన పాట ఒకటి, గొంతు ముందుకి వినిపించేది, పెన్‌డ్రైవ్‌లో వినండి. రోడ్డు మీద కాదు. దగ్గర్లో ఏ మాల్ సెల్లార్‌లోనో కార్ పెట్టి, అద్దాలు ఎత్తి, నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా వినండి. పార్కింగ్ టికెట్ డబ్బులు పోతాయి, పోనీయండి. తేడా ఉంటే పది నిమిషాల్లో షాప్ ముందు ఉంటారు, అప్పటికి వాళ్ల స్క్రూడ్రైవర్ కూడా లోపల పెట్టి ఉండరు.

ఇంత చేశాక కూడా, అన్నీ సరిగ్గా ఉండి, మీకు నిజంగానే ఇంకా సౌండ్ కావాలంటే అప్పుడు డబ్బు పెట్టండి. నా ఓటు ముందు చిన్న నాలుగు ఛానెల్ యాంప్‌కి, స్పీకర్లకి తర్వాత. యాంప్ మీద గెయిన్ నాబ్‌ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పనివ్వకండి. ఛానెల్‌కి 50 వాట్స్ నిజంగా ఇచ్చే యాంప్ అయితే, 4 ఓమ్స్‌కి 14.1 వోల్ట్స్ దగ్గర ఆగాలి. స్పీకర్ వైర్లు తీసేసి, 1 కిలోహెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేసి, స్టీరియోని మీరు వాడే గరిష్ఠ వాల్యూమ్‌లో పెట్టి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో చూస్తూ గెయిన్ తిప్పమనండి. ఆ పని చేయడం వచ్చిన కుర్రాడు దొరికితే నంబర్ సేవ్ చేసుకోండి.